పడవలో అత్తగారి సమాధిరాయి

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో ప్రకాశాన్ని మెచ్చుకునే మనిషి ఒక్కడు కూడా లేడు. అందుకు ప్రకాశం బాధపడిందీ లేదు, అతను కూడా ఎవర్నీ మెచ్చుకోడు గనక. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈయన నోరు ఎలాంటిదో తెలియాలంటే ఊరంతా తిరగనక్కర్లేదు, ఆ సందులో ఒక పూట నిలబడితే చాలు.

అతని పని తెరచాప పడవల్ని రోడ్డు మీద లాక్కుపోవడం. హైదరాబాదుకు సముద్రం లేకపోయినా హుస్సేన్‌సాగర్ ఉంది. అందులో గాలివాటు పడవలు నడిపే సరదా ఉన్న డబ్బున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు బొంబాయిలోనో చెన్నైలోనో భోపాల్ చెరువులోనో పందేలుంటాయి. ఆ పడవల్ని రెండు చక్రాల ట్రైలర్ మీదికెక్కించి, పికప్పు బండి వెనక తగిలించి, తెరకొయ్యను పడుకోబెట్టి తాళ్లతో బిగించి, ఆ నీళ్ల దాకా లాక్కెళ్లేది ప్రకాశం. అంతకు ముందు నీళ్ల ట్యాంకరు తోలాడు. తరువాత కొన్నాళ్లు కంచన్‌బాగ్ వైపు పనివాళ్లను దించే బస్సు తోలాడు. ఇటు తూర్పు సముద్రాన్నీ అటు పడమటి సముద్రాన్నీ చూశాడు గానీ, నీళ్లలో ఉన్న పడవలో ఒక్కసారైనా కాలు పెట్టలేదు. ఈత రాదు. ఆ సంగతి ఎవరైనా అడిగితే వాళ్ల మీద పడతాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ భార్య మాణిక్యమ్మా. పిల్లలు లేరు. ఏడాదిగా ఆ ఇంట్లో వినిపించేది ఒక్క ప్రకాశం గొంతే. మాణిక్యమ్మ వండుతుంది, వడ్డిస్తుంది, బట్టలు ఉతికి ఆరేస్తుంది, మొగుడితో మాత్రం మాట్లాడదు. చెప్పక తప్పనిది ఏదైనా ఉంటే గోడతో చెబుతుంది. "గ్యాస్ అయిపోయింది" అని గోడతో అంటుంది. "రేపు చర్చికి తొందరగ పోవాలె" అని కిటికీతో అంటుంది. ప్రకాశం అరిచాడు, కంచం విసిరాడు, ఒక రోజంతా తినకుండా పడుకున్నాడు. ఆమె ఆ కంచం తీసి, కడిగి, బోర్లించింది.

కారణం ఆమె తల్లి రూతమ్మ చావు. ఉప్పుగూడలోనే పిల్లల్ని పెంచి పెద్ద చేసిన రూతమ్మ, భర్త పోయాక సామర్లకోట దగ్గర తన పుట్టింటి ఊరికి వెళ్లిపోయి అక్కడే కన్నుమూసింది. అల్లుడి కోసం ఒక రోజు ఆగి మరీ మట్టి చేశారు. అల్లుడు రాలేదు. అప్పుడతను బొంబాయిలో ఉన్నాడు. "పడవ రోడ్డు మీదున్నది, మధ్యల ఆపరాదు, వదిలిపెట్టి రానికె లేదు" అని ఫోన్‌లో చెప్పాడు.

అది పచ్చి అబద్ధం. పడవను ఆ ముందురోజే నీళ్లలోకి దింపేశాడు. పందేలు అయిపోయేదాకా అతనికి చేతినిండా తీరికే. రైలెక్కితే వేళకు అందుకునేవాడే. కానీ సముద్రపు గోడ మీద కూర్చుని పల్లీలు తింటూ, పోను గాక పోను అనుకున్నాడు. పెళ్లికి ముందు ప్రధానం నాడు రూతమ్మ సంఘమంతా వింటుండగా "నౌకరీ ఉన్నోడు దొరకలే, గందుకే ట్యాంకరోనికి ఇస్తున్న" అంది. ఆ మాటను అతను ఇరవై ఏళ్లపైన ఎక్కడా దించకుండా మోశాడు. ఆమె చచ్చిపోయాక కూడా దించలేదు.

అయితే మాణిక్యమ్మ మాట్లాడటం మానేశాక అతనికి తెలిసొచ్చింది, తనకు ఈ లోకంలో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతేనని. ఇంకెవరూ మిగలకుండా తనే చేసుకున్నాడు. ఆమె తిట్టినా చాలుననుకునే స్థితికి వచ్చాడు. ఇల్లు చేరి చెప్పులు విప్పేటప్పుడు రోజూ ఒక క్షణం ఆగి చూసేవాడు, ఏమైనా అంటుందేమోనని. ఆమె ఏమీ అనేది కాదు.

అలాంటప్పుడు కాకినాడ కిరాయి వచ్చింది. విశ్వేశ్వర్ అనే కాంట్రాక్టరు తన తెరచాప పడవను హుస్సేన్‌సాగర్ నుంచి కాకినాడ సముద్రానికి మార్చుకుంటున్నాడు. దారిలోనే సామర్లకోట. అదే వారంలో రూతమ్మ మొదటి వర్ధంతి, సమాధి మీద రాయి పెట్టే ప్రార్థన. వెళ్లి నిలబడితే మాణిక్యమ్మ మాట్లాడక ఏం చేస్తుందని ప్రకాశం లోలోపల ఆశపడ్డాడు. పైకి మాత్రం "దార్ల ఉన్నది గావట్టి ఆగుత" అని గోడకే చెప్పాడు. గోడతో మాట్లాడటం అతనికీ అలవాటైంది. "నేను రైల్ల పోత" అని మాణిక్యమ్మ కిటికీకి చెప్పింది.

రాయి హైదరాబాదులోనే చెక్కించారు. నల్ల గ్రానైటు పలక, నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. దాన్ని తీసుకుని వెస్లీ వచ్చాడు. వెస్లీ మాణిక్యమ్మ తమ్ముడు, లాడ్ బజార్‌లో గాజుల పెట్టెలు మోసే ట్రాలీ ఆటో నడుపుతాడు. బావా బామ్మర్దులిద్దరూ ఉప్పూ నిప్పూ.

"బావా, రాయిని నీ పడవల పెట్టుకపోదాం. నేను గూడ వస్త, తోడుంట" అన్నాడు వెస్లీ.

"పడవల రాయి పెడుతరారా ఎక్కడన్న? అది పడవనా, మీ అమ్మ ఇంటి అటకనా?"

"గట్ల కాదు బావా, ఖాళీగనే పోతున్నది గద."

"ఖాళీగ పోవాలెనే దాన్ని తీస్కపోతున్నం. బరువు ముందుకు జరిగినా ఎనుకకు జరిగినా ట్రైలర్ నా మాట ఇనది. నువ్ వస్తె రా, సార్ ఇద్దరు మనుషులు ఉండాలన్నడు. రాయి మాత్రం రాదు, దాన్ని ఏ లారీలనన్న ఏసి పంపున్రి."

వెస్లీ ఏదో అనబోయాడు. లోపలి నుంచి మాణిక్యమ్మ దగ్గింది. వెస్లీ నోరు మూసుకున్నాడు.

బయల్దేరే ముందు సాయంత్రం పడవను ట్రైలర్‌తో సహా తెచ్చి సందులో ఆపాడు ప్రకాశం. సందు మూసుకుపోయింది. పికప్పును మాత్రం విడదీసి, వెనక హుక్కు చూపించడానికి వహీద్ దగ్గరికి వెళ్లాడు. కంచన్‌బాగ్ రోడ్డు మీద వెల్డింగ్ షాపు నడిపే వహీదే ఆ ట్రైలర్ చేసిపెట్టింది. ఇంటి బయట ప్రకాశంతో ఇన్నేళ్లుగా సలాం తెగకుండా ఉన్న ఒకే ఒక్క మనిషి అతను.

తెల్లవారి ట్రైలర్‌ను హుక్కుకు తగిలించే వేళ ఎదురింటి బసవయ్య వచ్చాడు. నిన్న సాయంత్రం నుంచి అతని స్కూటరు లోపలే ఇరుక్కుపోయింది.

"ఏంది ప్రకాశం, గిది సందా, సముద్రమా? నీ పడవకు మేం దారియ్యాల్నా?"

"నీ స్కూటర్‌కు పెట్రోల్ పోసే మొఖమేనా నీది? పో, లోపలికి పో."

అలా మొదలైంది లొల్లి. ప్రకాశానికి ఒక పద్ధతి ఉంది. బయల్దేరే ముందు ట్రైలర్ మూతిని తన రెండు చేతులతో తనే ఎత్తి హుక్కు మీద పెడతాడు. ఎత్తేటప్పుడు నడుము పట్టేయాలి. అలా బరువు తగిలితేనే ట్రైలర్ రోడ్డు మీద బుద్ధిగా వస్తుంది. తేలిగ్గా లేచిందంటే వెనక బరువెక్కువ ఉందన్నమాట. ఏ ప్రయాణంలోనూ ఆ పని ఇంకొకరికి అప్పగించలేదు. ఆ రోజు తిట్లలో బసవయ్య తాతముత్తాతల దాకా వెళ్లిపోయి, వెనక్కి చూడకుండా "ఎత్తి పెట్టురా" అని వెస్లీకి చెప్పాడు. వెస్లీ ఒక్కడే, ఒక్క ఊపులో ఎత్తి పెట్టాడు. తన బలానికి తనే మురిసిపోయాడు కూడా.

చౌటుప్పల్ దాకా బాగానే సాగింది. ఇద్దరి మధ్యా మాటల్లేవు. వెస్లీ పాట పెట్టాడు, ప్రకాశం తీసేశాడు. వెస్లీ కిటికీ దించాడు, ప్రకాశం ఎత్తమన్నాడు. నార్కట్‌పల్లి దాటాక వెనక నుంచి బండిని ఎవరో చొక్కా పట్టి ఇటూ అటూ గుంజుతున్నట్టు అనిపించింది. గాలి అనుకున్నాడు. సూర్యాపేట దాటాక మళ్లీ అనిపించింది. టైరు అనుకున్నాడు.

కోదాడ ఇంకా కొంత దూరం ఉందనగా ఒక దిగుడు వచ్చింది. బండి వేగం అందుకుంది. ఒక్కసారిగా ట్రైలర్ ఎడమకు పోయింది, వెంటనే కుడికి, మళ్లీ ఎడమకు. ఆ ఊపుకు పికప్పు వెనక భాగం కూడా జారడం మొదలైంది. అద్దంలో తెల్లటి పడవ ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కనబడుతోంది. పక్కనుంచి బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పడవ దాని కిటికీలను రాసుకుంటుందేమో అనేంత దగ్గరగా పోయింది.

"బ్రేక్ కొట్టు బావా! బ్రేక్!" అని వెస్లీ అరిచాడు.

బ్రేకు కొడితే చచ్చారే. ప్రకాశం ఆక్సిలరేటరు మీంచి కాలు తీసేసి, స్టీరింగును గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి కూర్చున్నాడు. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. ట్రైలర్ చక్రం ఒకటి మట్టిలోకి దిగి బండి ఆగింది. పడవ పక్కకు ఒక వేప కొమ్మ రాసుకుని ఫైబరు మీద పొడుగాటి గీత పడింది.

ప్రకాశం దిగాడు. చక్రం పట్టుకుని కూర్చున్నాడు. భయం పోయాక కోపం వచ్చింది. కోపం రాగానే ఎవరో ఒకరు కావాలి. వహీద్‌కు ఫోన్ చేశాడు.

"ఏం వెల్డింగ్ చేసినవ్‌రా? హుక్కు వొదులుంది. నన్ను సంపుదామని చేసినవా?"

"క్యా మియా, నా వెల్డింగ్ మీద ఇల్జామ్ పెడుతున్నవా?" అన్నాడు వహీద్. "నిన్న నీ కండ్ల ముంగటనే సుత్తెతోని కొట్టి చూపిచ్చిన గద. మొదలు పడవల ఏమున్నదో చూస్కో. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యకు. ఎప్పటికి చెయ్యకు." ఫోన్ పెట్టేశాడు. సలాం ఉన్న ఆ ఒక్క మనిషి కూడా అలా పోయాడు.

ప్రకాశం పడవ వెనక మూత తీశాడు. లోపల, చుక్కాని బిగించే చోటుకు ఆనించి, దుప్పట్లో చుట్టిన నల్లరాయి ఉంది. దుప్పటి తన ఇంటిదే. ఎర్ర అంచు దుప్పటి, మాణిక్యమ్మ మంచం మీదిది. అంటే ఎవరి చెయ్యి ఉందో చూడగానే తెలిసింది. తెలిసినా తెలియనట్టే ఊరుకున్నాడు. ఆమె మీద కోపం తెచ్చుకునే ధైర్యం అతనికి లేదు. ఉన్న ఒక్క ఆశా పోతుంది.

"ఎవడు పెట్టిండురా దీన్ని?"

వెస్లీ దుప్పటి అంచు లోపలికి దోపాడు. "నేనే పెట్టిన."

"ఎనుక పెట్టినవ్ ఏందిరా?"

"మా ట్రాలీ ఆటోల బరువంత ఎనుక చక్రాల మీదనే ఏస్తం బావా. ముందల తేలిగ్గుంటె బండి మంచిగ తిరుగుతది. నీకు మంచిదేనని..."

ఆ మాట పూర్తి కాలేదు. ప్రకాశం చెయ్యి వెస్లీ మూతి మీద పడింది. రెండోసారి కూడా పడింది. కింది పెదవి చిట్లి చొక్కా మీద నెత్తురు కారింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. సామెత పుట్టిన నాటినుంచి ఇంత చక్కగా అమరిన దుత్త మరొకటి ఉండదు. వెస్లీ తిరిగి కొట్టలేదు. అదే ప్రకాశానికి ఇంకా మంట పుట్టించింది.

రోడ్డు పక్క టీ హోటల్ నుంచి నలుగురు పరుగెత్తుకొచ్చారు. విడదీశారు. "దింపున్రి దీన్ని! ఈడనే పారేస్త!" అని ప్రకాశం గొంతు చించుకున్నాడు. వాళ్లతోనే రాయిని దింపించి గడ్డిలో పెట్టించాడు. బండెక్కి స్టార్ట్ చేశాడు.

వెస్లీ ఎక్కలేదు. రాయి పక్కన గడ్డిలో చతికిలబడ్డాడు. "నువ్ పో బావా. నేను మా అమ్మతోని ఉంట" అన్నాడు.

ఇంజను ఆడుతూనే ఉంది. పోవచ్చు. విశ్వేశ్వర్ ఆ పూటకు రెండోసారి ఫోన్ చేస్తున్నాడు కూడా. కానీ రాయి లేకుండా సామర్లకోటలో మాణిక్యమ్మ ఎదుట ఎలా నిలబడాలి? నిలబడితే ఆమె ఇక బతికుండగా గోడతోనే మాట్లాడుతుంది. అలాగని దిగిపోయి ఆ పెదవి చిట్లిన వాణ్ణి రమ్మని పిలవడానికి ప్రకాశానికి మనసొప్పలేదు. ఇంజను ఆపేశాడు. టీ హోటల్ ముందు బెంచీ మీద, రాయికి వీపు తిప్పి కూర్చున్నాడు. టీ తాగాడు. టీ బాగాలేదని హోటల్‌వాణ్ణి తిట్టాడు. మళ్లీ తాగాడు.

ఎండ ముదిరింది. పడవ రోడ్డు పక్కన ఒరిగి నిలబడి ఉంది. దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు. ఒకతను "సముద్రం ఎటు పోయింది పెద్దాయనా?" అని అడిగి తిట్లు తిన్నాడు. అవతల వెస్లీ ఫోన్‌లో అక్కతో మాట్లాడుతున్నాడు. "ఏం గాలె అక్కా. బావకు కోపమొచ్చింది, బండి ఆపిండు. ఏమో, ఎప్పుడు తీస్తడో తెల్వది." ఆ మాటలు ప్రకాశానికి వినబడుతూనే ఉన్నాయి.

మధ్యాహ్నం దాటాక లేచాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండా హోటల్ మనుషుల్ని పిలిచి, రాయిని ఎత్తించి, పికప్పు బండిలో తన సీటు వెనకగా పడుకోబెట్టించాడు. ట్రైలర్ మూతిని విప్పి, రెండు చేతులతో ఎత్తి చూశాడు. నడుము పట్టేసింది. మళ్లీ తగిలించాడు. వెస్లీ వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. విజయవాడ, ఏలూరు, రాజమండ్రి అన్నీ దాటాయి గానీ బండిలో ఒక్క మాట పుట్టలేదు. రాజానగరం దగ్గర పెట్రోలు బంకులో బండి ఆపి, ఎవరి పక్కకు వాళ్లు తిరిగి పడుకున్నారు.

పొద్దున సామర్లకోట దారిలో, వరి మళ్ల మధ్య ఉన్న క్రైస్తవుల సమాధుల తోట ముందు పడవ ఆగింది. ఊరి పిల్లలు పడవ చుట్టూ చేరారు. లోపల పాస్టరుగారు, చుట్టాలు కొందరు, తాపీమేస్త్రీ ఎదురుచూస్తున్నారు. మాణిక్యమ్మ తల్లి సమాధి దగ్గర తెల్లచీరలో నిలబడి ఉంది.

రాయిని దింపారు. గీత పడలేదు, అంచు కూడా విరగలేదు. ప్రకాశం దుప్పటి విప్పి, పలకను తన చేతుల్తో తుడిచాడు. సిమెంటు పరిచిన గద్దె మీద దాన్ని సర్ది పెట్టడానికి మేస్త్రీతో పాటు తనూ చెయ్యి వేశాడు. మాణిక్యమ్మ చూస్తోందా లేదా అని ఓరకంట చూశాడు. చూస్తోంది. ఇప్పుడు మాట్లాడుతుంది, ఇప్పుడు తప్పకుండా మాట్లాడుతుంది.

కానీ మాణిక్యమ్మ చూసేది అతన్ని కాదు. వెస్లీ మూతిని చూస్తోంది. పెదవి వాచి, నల్లగా గడ్డకట్టి ఉంది. ఆమె నడిచి వచ్చి మొగుడి ఎదుట నిలబడింది.

"వాని మూతి ఎవరు పగలగొట్టిన్రు?"

ఏడాది తరువాత మొగుడితో ఆమె అన్న మొదటి మాట అది. గోడతో కాదు, కిటికీతో కాదు, సూటిగా అతని మొహంలోకి చూస్తూ అడిగింది.

"పానం పోయేదుండె మాణిక్యం" అన్నాడు ప్రకాశం. "పడవ ఎనుకల రాయి పెట్టిండు. బండి తోక ఊపుకుంట పోయి బస్సుకు తగలబోయింది. ఇద్దరం సస్తుంటిమి."

"పెట్టిచ్చింది నేను. నువ్ వహీద్ భాయ్ కాడికి పోయినంక మనుషులను పిలిచి నేనే ఎత్తిచ్చిన. వాడు వద్దన్నడు. బావకు చెప్పు అక్కా అన్నడు. నేనే ఒట్టు పెట్టిచ్చుకున్న."

ప్రకాశం తలవంచుకున్నాడు. పాస్టరుగారు బైబిలు మూసి పట్టుకుని నిలబడ్డారు. చుట్టాలంతా వింటున్నారు.

"నా దుప్పటి నువ్ గుర్తువట్టలేదా?" అంది ఆమె.

అతను చేతికంటిన సిమెంటు చొక్కాకు తుడుచుకున్నాడు.

"గుర్తువట్టినవ్. నన్ను ఒక్క మాట అనలేక వాణ్ణి కొట్టినవ్. పొద్దటి నుంచి మధ్యాహ్నం దాక బండి ఆపినవట గద, రోడ్డు మీద?"

"ఆపిన."

"పడవ కట్టినంక మధ్యల ఆపరాదంటివి. అమ్మ పోయిన్నాడు గదే జెప్పినవ్. పెట్టె మీద మూత ఎయ్యనియ్యకుండ ఒక దినమంత పట్టుకోని కూసున్న, నా మొగడు వస్తడని." ఆమె ఏడవలేదు. గొంతు కూడా పెంచలేదు. "నీ కోపానికి ఆగిన బండి, మా అమ్మ సావుకు ఆగలే."

ప్రకాశం నోరు తెరిచాడు. ఆమె అన్నదానికి నిజమైన జవాబు అతని దగ్గర ఉంది. ఆ రోజు పడవ రోడ్డు మీదే లేదు. ఆమె వేసిన నిందకంటే అది ఇంకా పెద్దది. ఆ సంగతి చెబితే ఆమె ఏమంటుందో, అసలు ఏమైనా అంటుందో అనదో అతనికి తెలియదు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

మాణిక్యమ్మ ఎదుటే నిలబడి ఎదురుచూసింది. ఏడాదిగా మాట కోసం కాచుకున్నది అతను. ఇప్పుడు కాచుకుని నిలబడింది ఆమె. మేస్త్రీ సిమెంటు ఆరిపోతోందని గొణిగాడు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు, వెస్లీ కూడా వాచిన పెదవితో అందుకున్నాడు. పాట అయిపోయేదాకా ఆమె అతని మొహం మీంచి చూపు తిప్పలేదు. ప్రకాశం రాయి వైపే చూస్తూ ఉండిపోయాడు.